సరిహద్దు దాటిన పొగ

పక్కింటాయన తన పెరట్లో చెత్త తగలబెట్టాడు. పొగంతా మీ ఇంట్లోకి వచ్చింది. ఏం చేస్తారు? ముందు గోడమీంచి ఓ కేక వేస్తారు. వినకపోతే నలుగురు పెద్దమనుషుల్ని పిలుస్తారు. అక్కడా తేలకపోతే మున్సిపాలిటీ ఉంది, పోలీసు స్టేషను ఉంది, కోర్టు ఉంది. ‘నా పెరడు, నా ఇష్టం’ అంటే చెల్లదని ఎక్కడో ఓ చోట ఎవరో ఒకరు చెబుతారు.

ఆ పక్కిల్లు పక్కదేశం అయితే?

దేశాల మధ్య పోలీసు స్టేషన్ లేదు. కలెక్టరు లేడు. ఒక దేశం మీద ఇంకో దేశం కేసు వేయాలన్నా, ముందు ఆ రెండో దేశం సరేననాలి. ‘నా భూభాగంలో నేను రాజుని’ అనేది దేశాలన్నీ పట్టుకు వేలాడే సూత్రం. మరి ఆ రాజుగారి పొగ పొరుగువాడి పొలాన్ని మాడ్చేస్తే ఎవరు అడగాలి? ఈ ప్రశ్న మొదట వేసింది ప్రొఫెసర్లో, లాయర్లో కాదు. పంట పోయిన రైతులు.

గొట్టం ఎత్తు పెంచితే...

కెనడాలో బ్రిటిష్ కొలంబియా రాష్ట్రంలో ట్రెయిల్ అని చిన్న ఊరు. కొలంబియా నది ఒడ్డున ఉంటుంది. అమెరికా సరిహద్దు అక్కడికి పట్టుమని పన్నెండు కిలోమీటర్లు కూడా ఉండదు. 1896లో అక్కడ ఖనిజం కరిగించే కర్మాగారం పెట్టారు. తర్వాత తర్వాత అది సీసం, జింకు తీయడంలో ప్రపంచంలోనే పెద్దవాటిలో ఒకటైంది. ఖనిజంలో గంధకం ఉంటుంది. దాన్ని కాల్చినప్పుడు సల్ఫర్ డయాక్సైడ్ అనే ఘాటు వాయువు వస్తుంది. ఆకుమీద పడితే ఆకు మాడిపోతుంది.

1925లో ఒకటి, 1927లో ఒకటి రెండు పొగగొట్టాలు కట్టారు. ఒక్కోటి 409 అడుగులు. మన చార్మినార్‌కి రెండు రెట్లు దాటిన ఎత్తు. గొట్టం ఎంత ఎత్తుంటే పొగ అంత పైకి పోతుందనుకున్నారు. పైకి పోయింది నిజమే. కానీ అక్కడ నది లోయగుండా దక్షిణానికి, అమెరికాలోకి పారుతుంది. లోయలో గాలి ఆ పొగని పట్టుకుని సరిహద్దు దాటించి వాషింగ్టన్ రాష్ట్రంలోని రైతుల పొలాల మీద దించింది. 1930 నాటికి రోజుకి 300 టన్నులకు పైగా గంధకం గాలిలో కలిసేది.

రైతులు ఏం చేయగలరు? కెనడా కంపెనీ మీద ఎక్కడ కేసు వేయాలి? అప్పటి చట్టాల ప్రకారం అమెరికా కోర్టు పిలిస్తే కెనడా కంపెనీ రానక్కర్లేదు. పొలం అమెరికాలో ఉంది కాబట్టి కెనడా కోర్టు పట్టించుకోనక్కర్లేదు. పోనీ ఆ పొలాలేవో కంపెనీయే కొనేసి గొడవ వదిలించుకుందామంటే, విదేశీయులు భూమి కొనకూడదని వాషింగ్టన్ రాష్ట్ర చట్టం. అన్ని తలుపులూ మూసుకుపోయాయి. 1928లో రైతులు ఒక సంఘంగా ఏర్పడి, విడివిడిగా రాజీ పడేది లేదని తీర్మానించుకున్నారు. ఇక వాళ్ళ ప్రభుత్వానికి ఆ వ్యవహారం నెత్తిన వేసుకోక తప్పలేదు.

రెండు దేశాల ఉమ్మడి కమిషన్ విచారించి 1931లో మూడున్నర లక్షల డాలర్లు ఇమ్మంది. రైతులు చాలదన్నారు. 1935లో రెండు ప్రభుత్వాలూ ఒప్పందం చేసుకుని ముగ్గురు సభ్యుల ట్రిబ్యునల్ వేశాయి. అమెరికా నుంచి ఒకరు, కెనడా నుంచి ఒకరు, అధ్యక్షుడిగా బెల్జియం దేశస్థుడు. 1938లో వాళ్ళు మరో 78 వేల డాలర్ల పరిహారం తేల్చారు. 1941 మార్చి 11న తుది తీర్పు చెప్పారు.

ఆ తీర్పులో సారం ఇదీ: ఏ దేశానికైనా తన భూభాగాన్ని పొరుగుదేశానికి, అక్కడి మనుషులకి, ఆస్తులకి పొగతో హాని చేసేలా వాడే హక్కు లేదు. తాను వాడకపోయినా, తన గడ్డమీద ఇంకొకరిని వాడనిచ్చే హక్కు కూడా లేదు.

విచిత్రం ఏమిటంటే, ఇలాంటి తీర్పు అంతకు ముందు దేశాల మధ్య ఎక్కడా లేదు. ట్రిబ్యునల్ అమెరికాలోని రాష్ట్రాల మధ్య తగాదాల్ని వెతికింది. టెన్నెసీ రాష్ట్రంలోని రాగి కర్మాగారాల పొగ మీద జార్జియా రాష్ట్రం గెలిచిన 1907 నాటి కేసు దొరికింది. ఇద్దరు అన్నదమ్ముల తగువులో చెప్పిన ధర్మం ఇరుగుపొరుగుకీ వర్తిస్తుందని తీసుకుంది. అంతర్జాతీయ పర్యావరణ చట్టం అని ఈరోజు పెద్ద పెద్ద పుస్తకాల్లో చదువుతున్నదానికి పునాది అక్కడ పడింది.

రెండు మెలికలు

అయితే ఆ తీర్పులో రెండు షరతులున్నాయి. ఒకటి, నష్టం తీవ్రంగా ఉండాలి. రెండు, అది ఆ పొగవల్లే జరిగిందని స్పష్టమైన, నమ్మదగిన సాక్ష్యం ఉండాలి. నిప్పు లేనిదే పొగ రాదంటాం. కోర్టులో అది తిరగబడుతుంది. పొగ కళ్ళకు కనిపిస్తున్నా, ఆ పొగ ఏ నిప్పుదో నువ్వే రుజువు చెయ్యమంటారు.

ట్రెయిల్ రైతులకి ఆ రుజువు కుదిరింది. ఎందుకంటే చుట్టుపక్కల అంత పెద్ద గొట్టాలు ఇంకెక్కడా లేవు. అయినా వాళ్ళు అడిగిన పద్దుల్లో చాలావాటిని సాక్ష్యం చాలదని ట్రిబ్యునల్ కొట్టేసింది. కర్మాగారం మూతపడలేదు. గాలి ఎటు వీస్తోందో కొలిచి, దాన్నిబట్టి పొగ తగ్గించుకోవాలని షరతులు పెట్టారు. కంపెనీ అప్పటికే గంధకాన్ని పట్టి ఎరువులు తయారుచేయడం మొదలుపెట్టింది. పొలాల్ని మాడ్చిన గంధకమే ఎరువుల బస్తాల్లోకెక్కి కంపెనీకి లాభం తెచ్చింది.

కథ అక్కడితో అయిపోలేదు. అదే కర్మాగారం 1995 వరకు లోహపు చిట్టెం లక్షల టన్నులు నదిలో పోసింది. అదీ దిగువకి, అమెరికాలోకే కొట్టుకొచ్చింది. 2004లో అక్కడి గిరిజన తెగ పెద్దలు అమెరికా కోర్టుకే వెళ్ళారు. ఈసారి ఆ కోర్టు తలుపు తెరుచుకుంది. గాలి కేసు తేలిన అరవై ఏళ్ళకి నీటి కేసు!

చెరువుల మాట హేగ్‌దాకా

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత నెదర్లాండ్స్‌లోని హేగ్ నగరంలో ఐక్యరాజ్యసమితి వారి అంతర్జాతీయ న్యాయస్థానం ఏర్పడింది. పదిహేనుమంది న్యాయమూర్తులు. అక్కడ తేలిన మొట్టమొదటి తగాదాలోనే ట్రెయిల్ మాటకు దగ్గరి మాట వినిపించింది. 1946లో అల్బేనియా తీరాన కార్ఫు జలసంధిలో మందుపాతరలు పేలి రెండు బ్రిటిష్ యుద్ధనౌకలు దెబ్బతిన్నాయి. 44 మంది చనిపోయారు. పాతరలు ఎవరు పెట్టారో తేలలేదు. అయినా, తన నీళ్ళలో అవి ఉన్నాయని తెలిసీ హెచ్చరించకపోవడం అల్బేనియా తప్పేనని 1949లో కోర్టు చెప్పింది. పరిహారం బ్రిటన్ చేతికి అందేసరికి 1996 వచ్చింది. అంతర్జాతీయ న్యాయం నడక ఎంత నిదానమో దీన్నిబట్టే ఊహించుకోవచ్చు.

1997లో హంగరీ, స్లొవేకియాల మధ్య డాన్యూబ్ నది మీద ఆనకట్టల గొడవకి తీర్పు వచ్చింది. కడతామని 1977లో ఒప్పందం రాసుకున్నారు. పర్యావరణం పాడవుతుందని 1989లో హంగరీ మధ్యలో పని ఆపేసింది. అవతలివాళ్ళు నదినే మళ్ళించుకున్నారు. ఇద్దరిదీ తప్పేనని కోర్టు తేల్చింది. ఆ తీర్పుకి శ్రీలంక న్యాయమూర్తి వీరమంత్రి విడిగా ఒక అభిప్రాయం రాశారు. అభివృద్ధీ, ప్రకృతి రక్షణా రెండూ కలిసి నడవాలన్నది పాశ్చాత్యులు నిన్నగాక మొన్న కనిపెట్టిన సంగతి కాదన్నారు. శ్రీలంకలో ప్రాచీన కాలంలో తవ్విన గొలుసుకట్టు చెరువుల్ని ఉదాహరణగా చూపించారు. కాకతీయుల చెరువుల నీళ్ళు తాగి పెరిగిన మనకి ఆ మాట కొత్తేమీ కాదు. కానీ హేగ్‌లోని తీర్పు కాగితాల్లోకి చెరువు ఎక్కడం మాత్రం కొత్తే.

2010లో ఇంకో అడుగు పడింది. ఉరుగ్వే దేశం సరిహద్దు నది ఒడ్డున కాగితం గుజ్జు మిల్లుకి అనుమతిచ్చింది. అవతలి ఒడ్డున అర్జెంటీనా జనం మూడేళ్ళకు పైగా వంతెన మీద రాకపోకలు ఆపేశారు. పొరుగుకి ముప్పు ఉండే పని మొదలెట్టేముందు దాని ప్రభావం ఎంతో లెక్క కట్టి తీరాలి అని కోర్టు చెప్పింది. అంటే మన దగ్గర ఫ్యాక్టరీ పెట్టేముందు జరిగే పర్యావరణ ప్రభావ అంచనా ఉంది చూశారూ, అది దేశాల మధ్య కూడా తప్పనిసరి బాధ్యత అయింది. ముందుగా చెప్పకుండా పని మొదలుపెట్టడం ఉరుగ్వే తప్పేనంది. కానీ మిల్లువల్ల నది పాడైందనడానికి సాక్ష్యం చాలదంది. మిల్లు అక్కడే ఉంది. మళ్ళీ ఆ రెండో మెలికే!

ఈ కథలో మనవాళ్ళు

ఈ సూత్రాల్ని ఒక్కచోట కూర్చి, దేశాలకి పద్ధతిగా అందించే పని ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ న్యాయ సంఘానిది. సరిహద్దు దాటే హానిని ముందే ఎలా ఆపాలన్న అంశానికి ఆ సంఘం ప్రత్యేక నివేదకుడిగా పనిచేసినాయన తెలుగువాడు. ఆయన పేరు పెమ్మరాజు శ్రీనివాసరావు. చాలాకాలం మన విదేశాంగ శాఖకు న్యాయ సలహాదారుగా ఉన్నారు. 2001లో ఆయన చేతులమీదుగా 19 అధికరణాల ముసాయిదా వచ్చింది. ప్రమాదకరమైన పనికి ముందే అనుమతి ఉండాలి, పొరుగు దేశానికి చెప్పాలి, కూర్చుని మాట్లాడుకోవాలి అన్నవి అందులో ముఖ్యం. జరిగిన నష్టాన్ని ఎవరు భరించాలన్న దానిమీద 2006లో మరో పత్రం వచ్చింది. తప్పు ఎవరిదో తేలేదాకా బాధితుణ్ణి నిలబెట్టకుండా, త్వరగా, తగినంత పరిహారం ఇవ్వాలన్నది దాని ఉద్దేశం.

ఇవన్నీ ఎక్కడో విదేశాల సంగతులు, మనకెందుకు అనుకోకండి. హైదరాబాదు వాసులు తాగే నీటి మీద కూడా ఈ చట్టం నీడ పడింది. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ చెరువులకి పది కిలోమీటర్ల లోపు కాలుష్య పరిశ్రమలు రాకూడదని 1990లలో ఆంక్షలు వచ్చాయి. ఆ పరిధిలోనే ఆముదం నూనెతో రసాయన ఉత్పత్తులు తయారుచేసే పరిశ్రమ ఒకటి తయారైంది. కాలుష్య నియంత్రణ మండలి కాదంది. పరిశ్రమ అప్పీలుకి వెళ్ళింది. చివరికి విషయం సుప్రీంకోర్టుకి చేరింది.

1999లో జస్టిస్ జగన్నాథరావు ఆ కేసులో తీర్పు రాస్తూ అంతర్జాతీయ చట్టంలో కొత్తగా రూపుదిద్దుకుంటున్న ముందుజాగ్రత్త సూత్రాన్ని చర్చించారు. చెరువు పాడవుతుందని జనం రుజువు చేయనక్కర్లేదు, పాడవదని పరిశ్రమే రుజువు చేసుకోవాలి అన్నది దాని సారాంశం. 2000 డిసెంబరులో ఆ పరిశ్రమకిచ్చిన మినహాయింపు చెల్లదని సుప్రీంకోర్టు తేల్చింది. ట్రెయిల్ రైతుల నెత్తిన పెట్టిన రుజువు బరువుని ఇక్కడ పొగ వదిలేవాడి నెత్తికి మార్చారు. చిన్న మార్పులా కనిపిస్తుంది కానీ, తూకంలో సగం బరువు అక్కడే ఉంది.

చెట్టుకి వెల ఎంత?

పరిహారం అంటే పోయిన పంటకీ, కూలిన ఇంటికీ లెక్క కట్టవచ్చు. అడవికి? చిత్తడి నేలకి? 2018 ఫిబ్రవరిలో అంతర్జాతీయ న్యాయస్థానం ఆ పనీ చేసింది. నికరాగువా దేశం కోస్టారికా భూభాగంలోకి వచ్చి కాలువలు తవ్వింది, చెట్లు కొట్టింది. మొత్తం పరిహారం 3,78,890 డాలర్ల పైచిలుకు. అందులో ప్రకృతి మనకు చేసే మేలు దెబ్బతిన్నందుకు 1,20,000 డాలర్లు. చెట్టు నరికితే కలపకే కాదు, అది పట్టి ఉంచిన మట్టికీ, శుభ్రం చేసిన గాలికీ కూడా లెక్క కట్టాలని ఆ కోర్టు ఒప్పుకోవడం అదే మొదటిసారి. మొత్తం చిన్నదే. ఒప్పుకోవడం పెద్దది.

అందరి పొగ, ఎవరి తప్పు?

ఇంతవరకూ చెప్పినవన్నీ ఇద్దరి తగాదాలు. ఒక గొట్టం, ఒక పొలం. ఇప్పుడు వచ్చిన చిక్కు వేరు. ప్రపంచంలోని గొట్టాలన్నీ కలిసి వాతావరణాన్ని వేడెక్కిస్తున్నాయి. మునిగేది మాత్రం గొట్టాలే లేని చిన్న దీవులు. ఎవరి పొగ ఎవరిని ముంచిందో ఎలా చెప్పడం?

పసిఫిక్ మహాసముద్రంలో వనువాటు అని సుమారు 80 దీవుల దేశం ఉంది. జనాభా మూడు లక్షల పైచిలుకు. 2019లో అక్కడి విశ్వవిద్యాలయ ప్రాంగణంలో 27 మంది లా విద్యార్థులు ఈ ప్రశ్నని హేగ్ కోర్టుకి పంపాలనుకున్నారు. చుట్టుపక్కల దీవుల ప్రభుత్వాలకి ఉత్తరాలు రాశారు. వనువాటు ప్రభుత్వం అందుకుంది. 2023 మార్చి 29న ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సమావేశం ఏకాభిప్రాయంతో ఆ ప్రశ్నని కోర్టుకి పంపింది. తరగతి గదిలో పుట్టిన ఆలోచనకి నాలుగేళ్ళలో ప్రపంచమంతా చేతులెత్తింది.

ఈలోగా జర్మనీలోని హాంబర్గ్‌లో ఉన్న సముద్ర చట్టాల ట్రిబ్యునల్ 2024 మే 21న ఒక అభిప్రాయం చెప్పింది. వేడి పెంచే వాయువులు సముద్రాన్ని పాడుచేస్తున్నాయి కాబట్టి అవీ సముద్ర కాలుష్యమేనంది. ఆ ట్రిబ్యునల్‌కి 1999 నుంచి 2002 వరకు అధ్యక్షుడు కృష్ణా జిల్లా వీరులపాడులో పుట్టిన పాటిబండ్ల చంద్రశేఖరరావు. 1996లో అది మొదలైననాటి నుంచి 2017 వరకు అక్కడ న్యాయమూర్తిగా ఉన్నారు. ఈ అభిప్రాయం వచ్చేనాటికి ఆయన లేరు.

హేగ్‌లో 2024 డిసెంబరులో వాదనలు జరిగాయి. 96 దేశాలు, 11 అంతర్జాతీయ సంస్థలు వచ్చి మాట్లాడాయి. 2025 జూలై 23న న్యాయమూర్తులందరూ ఒక్కమాట మీద అభిప్రాయం చెప్పారు. పొరుగుకి హాని చేయకూడదన్న పాత సూత్రం వాతావరణానికీ వర్తిస్తుంది. బొగ్గు, చమురు తవ్వకాలకు అనుమతులివ్వడం, రాయితీలివ్వడం కూడా తప్పు కిందికి రావచ్చు. కంపెనీలు చేసే హానిని అదుపు చేయకపోతే అది ప్రభుత్వం తప్పే. తప్పు చేస్తే ఆపాలి, మళ్ళీ చేయనని హామీ ఇవ్వాలి, కార్యకారణ సంబంధం తేలితే పరిహారమూ చెల్లించాలి. సముద్రం భూమిని మింగినంత మాత్రాన ఒక దేశం దేశం కాకుండా పోనక్కర్లేదని కూడా అంది. మునిగిపోతున్నవాడికి కనీసం పేరు మిగిలింది.

ఇది సలహా మాత్రమే. ఏ దేశాన్నీ నేరుగా కట్టిపడేయదు. కానీ రేపు ఏ దేశంలో, ఏ కోర్టులో వాతావరణం కేసు వేసినా మొదట తెరిచే కాగితం ఇదే అవుతుంది.

ఆ మాటకొస్తే అలాంటి కేసులు ఇప్పటికే నడుస్తున్నాయి. హిమానీనదం కరిగి పైనున్న సరస్సు పొంగితే తన ఇల్లు కొట్టుకుపోతుందని పెరూ దేశపు రైతు ఒకాయన 2015లో జర్మనీ విద్యుత్ కంపెనీ మీద జర్మనీలోనే దావా వేశాడు. ప్రపంచం మొత్తం పొగలో కంపెనీ వాటా అర శాతం లోపు. రక్షణ కట్టడం ఖర్చులో అంత వాటా ఇమ్మన్నాడు. 2025 మే 28న అక్కడి హైకోర్టు అతని ఇంటికి ముప్పు అంత దగ్గర్లో లేదంటూ దావా కొట్టేసింది. కానీ పెద్ద ఎత్తున పొగ వదిలినవాళ్ళని జర్మన్ పౌర చట్టం కింద బాధ్యులుగా నిలబెట్టడం సూత్రప్రాయంగా సాధ్యమేనంది. రైతు ఓడాడు, అతని వాదన గెలిచింది.

మనమెటు?

హేగ్‌లో మన దేశం కూడా వాదించింది. ఇన్నేళ్ళుగా పొగ వదిలి ధనవంతులైన దేశాలే ముందు భారం మోయాలనీ, ఉన్న ఒప్పందాలకు మించి కొత్త బాధ్యతలు నెత్తిన పెట్టవద్దనీ మన వాళ్ళు చెప్పారు. అందులో న్యాయం ఉంది. తలసరి లెక్కలో మన పొగ తక్కువే. కానీ ఏటా వదిలే మొత్తం లెక్కలో చైనా, అమెరికాల తర్వాత మనమే. ఈ కథలో మనం కొంత ట్రెయిల్ కర్మాగారం, కొంత పంట పోయిన రైతు. ఏ వేషం ఎంతన్నది తేల్చుకోవడం అంత తేలిక కాదు.

కాకినాడ దగ్గర ఉప్పాడ తీరానికి వెళ్ళి చూడండి. ఏళ్ళ తరబడి సముద్రం ఇళ్ళని, రోడ్డుని కోసుకుపోతూనే ఉంది. దానికి కారణం ఒక్కటి కాదు. ప్రవాహాల తీరు ఉంది, తీరం వెంబడి మనం కట్టిన కట్టడాలున్నాయి, పెరుగుతున్న సముద్రమూ ఉంది. ఇల్లు పోయిన మత్స్యకారుడు ఎవరిమీద కేసు వేయాలి? ఇందులో ఎవరి వాటా ఎంత? 1941లో ట్రిబ్యునల్ అడిగిన స్పష్టమైన సాక్ష్యం ఆయన ఎక్కణ్ణుంచి తేగలడు?

ఈ కొత్త చట్టం పెరగాల్సింది సరిగ్గా అక్కడే. తప్పు అనే సూత్రం తేలిపోయింది. ఇక తేలాల్సింది లెక్క. ఎంత పొగకి ఎంత వేడి, ఎంత వేడికి ఎంత నీరు అన్నది శాస్త్రవేత్తలు ఏటికేడు మరింత కచ్చితంగా చెబుతున్నారు. ఆ లెక్క ఎంత తేటపడితే, ‘నీ పొలం మాడింది నా పొగవల్లే అని ఏంటి రుజువు?’ అనే మాట అంత బలహీనపడుతుంది.

ట్రెయిల్ రైతులకి చేతికొచ్చింది కొద్ది డబ్బే. కానీ విడివిడిగా రాజీ పడం అని ఆనాడు వాళ్ళు చేసుకున్న తీర్మానం లేకపోతే, వనువాటు పిల్లలు హేగ్‌దాకా తీసుకెళ్ళడానికి చేతిలో సూత్రమే ఉండేది కాదు.